చలికాలం, అరకు దారి, రెండు మోటారు సైకిళ్ళు

కార్తీకమాసం వచ్చిందంటే మా విశాఖపట్నంలో జనం రెండు వర్గాలుగా చీలిపోతారు. మొదటి వర్గంవారు తెల్లవారుజామున లేచి సముద్రస్నానానికి వెళతారు. రెండో వర్గంవారు అంతకన్నా ముందే లేచి, మోటారు సైకిళ్ళు బయటికి తీసి, కొండలకేసి వెళతారు. వాళ్ళది పుణ్యం యావ, వీళ్ళది మంచు యావ. శనివారంనాడు కోడికూతకు ముందే మా వీధిలో లేచే చప్పుడుకి, పక్కింటి పెద్దాయన జపం మధ్యలో ఆపి, లెక్క మొదటినుంచీ మళ్ళీ మొదలుపెడుతూంటారు పాపం.

అయితే ఆ కుర్రకారుని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, అరకు లోయలో వలిసెపూలు పసుపు ఆరబోసినట్టు విచ్చుకునే రోజులవి. నవంబరునుంచి ఫిబ్రవరి దాకా కొండమీదికి వెళ్ళని కుర్రవాడు ఈ ఊళ్ళో కుర్రవాడి కింద లెక్కకాడు. ఇరవై ఏళ్ళ వయస్సులో నేనూ వెళ్ళాను. ఆ రోజుల్లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానికి వార్ధక్యం వచ్చింది. నాకు మాత్రం ఇంకా రాలేదని నా నమ్మకం. ఈ నమ్మకం గురించి చివర్లో మళ్ళీ ప్రస్తావన వస్తుంది.

ఇంతకీ విషయం ఏమిటంటే, మా మేనల్లుడు ఉద్యోగంలో చేరిన ఆరునెలలకే కొత్త మోటారు సైకిలు కొన్నాడు. దాని వెల రెండు లక్షల పైమాట. కొన్న వారానికే, "అరకు వెళ్ళొస్తాను" అన్నాడు. మా అక్క నాకు ఫోను చేసింది.

"ఒరే, వాడు నా మాట వినే వయస్సు దాటిపోయాడు. నువ్వు కూడా వెళతానంటేనే పంపుతాను. ఒక్కగానొక్క నలుసు. తర్వాత నీ ఇష్టం" అంది.

తర్వాత నా ఇష్టం ఏముంది? తమ్ముడై పుట్టాక అక్క మాటే శాసనం. "మీకు నడుంనొప్పి కదండీ, ఆ బండి మీద అంతదూరం ఏం వెళతారు? చక్కగా కిరండోల్ రైలు ఉందిగా" అని మా ఆవిడ అడ్డుపుల్ల వేసింది గాని, అది నిలవలేదు.

నిజానికి నేను ఒప్పుకోవడానికి అక్క మాట ఒక్కటే కారణం కాదు. ఆ దారిలో నాకొక పాత బాకీ ఉంది. అది ఏమిటో దారిలో చెబుతాను.

* * *

బయలుదేరడానికి రెండురోజుల ముందు బళ్ళు రెండూ తీసుకుని కంచరపాలెంలో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం. మా మేనల్లుడికి అది నామోషీ. "కొత్త బండికి వైద్యం ఏమిటి మావయ్యా?" అన్నాడు. మెకానిక్కు నవ్వి, ముందు నా బండి పట్టుకున్నాడు.

"సారూ, నాలుగు నెల్లు మూల కూకోబెట్టేస్తే మనిషికైనా కీళ్ళు పట్టేస్తాయి. బండికి పట్టవేటి?" అన్నాడు.

వానాకాలమంతా ఊళ్ళో తిరిగిన బండి, లేదా తిరగకుండా నిలబడిపోయిన బండి, కొండెక్కే ముందు ఏమేమి చూపించుకోవాలో ఆ గంటలో నాకు తెలిసివచ్చింది. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచి వేడెక్కిన టైరులో గాలి లెక్క ఎక్కువ చూపిస్తుంది. టైరు మీది గాళ్ళు అరిగిపోతే తడిరోడ్డు మీద నీటిని పక్కకు నెట్టే దారి ఉండదు. గొలుసు మరీ బిగుతుగా ఉన్నా, మరీ వదులుగా ఉన్నా చేటే. బ్రేకు తీగ తుప్పు పట్టిందేమో, బ్రేకు కట్టలు అరిగాయేమో చూడాలి. ముందుదీపం, వెనకదీపం, బ్రేకు నొక్కితే వెలిగే ఎర్రదీపం మూడూ వెలగాలి. నా బండికి మూడోది వెలగడం లేదు. ఎన్నాళ్ళనుంచి వెలగడం లేదో భగవంతుడికే ఎరుక. నా వెనక వచ్చేవాళ్ళంతా ఇన్నాళ్ళూ నా మనస్సులోని మాట తామే ఊహించుకుంటూ వచ్చారన్నమాట.

"ఇయన్నీ బాగుసేసినా సారూ, బండి రోడ్డుని తాకేది అరసెయ్యంత మేరే. ముందు ఒక అరసెయ్యి, ఎనక ఒక అరసెయ్యి. ఆ రెండు సేతులమీదే పేణం" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు ఆ మాటకు తల ఊపాడు. అంతకన్నా గొప్ప పాఠం వాడి కళాశాలలో ఎవరూ చెప్పి ఉండరు.

* * *

తెల్లవారి మూడింటికే లేచి పోదామన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు. నిద్ర చాలని కళ్ళు, చీకటి, దీపాలు లేని లారీలు మూడూ కలిసిన చోట పందెం వెయ్యకూడదు. ఆరుగంటలకు, వెలుగు వచ్చాక కదిలాం. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. అక్కడ వేడివేడి పెసరట్టు, టీ. విశాఖనుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో సగం దూరం చదును నేల. అసలు కథ కోట దాటాకే.

బౌడారా దగ్గరకు వచ్చేసరికి కొండలు ఎదురుగా వచ్చి నిలబడతాయి. రాజమహేంద్రవరంనుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారిలో ఈ ఘాటు ఒక భాగం. మైదానంలో ఉక్కపోసి స్వెట్టరు విప్పినవాడు ఇక్కడ మళ్ళీ తొడుక్కోవాలి. రెండు మలుపులు తిరగగానే గాలి మారిపోతుంది. వెదురుపొదల వాసన, తడిమట్టి వాసన, ఎక్కడో కనబడని వాగు చప్పుడు.

ఘాటు మొదట్లోనే బండి ఆపించి, మా మేనల్లుడికి నాలుగు ముక్కలు చెప్పాను. ఉపాధ్యాయుడి జబ్బు అది, వదలదు.

"ఒరే, ఈ రోడ్డు మీద ఎక్కేవాడికి దిగేవాడు దారి ఇవ్వాలి. అది మర్యాద కాదు, నిబంధన. కాని ప్రతివాడికీ నిబంధన తెలుసని నువ్వు నమ్మకు. మలుపు దగ్గర హారను కొట్టు. నీ ఎడమచేతి పక్క వదలకు. నడిమి గీత దాటకు. నేను వెనకబడితే నువ్వు ఆగు. నన్ను అందుకోమని తొందర పెట్టకు."

"మావయ్యా, నా బండికి ఏ.బీ.ఎస్. ఉంది" అన్నాడు వాడు. 2019 ఏప్రిల్‌నుంచి 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్ళన్నిటికీ ఆ సదుపాయం తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా అది కాస్తుంది. మంచిదే. కాని అది దూరాన్ని మింగెయ్యదు. నేను వాడికి వేళ్ళమీద లెక్క చెప్పాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు ప్రమాదం చూసి, బ్రేకు నొక్కాలని మనస్సుకు తట్టే ఆ ఒక్క క్షణంలోనే 11 మీటర్లు పోతాడు. ఆ తర్వాత మంచి పొడిరోడ్డు మీద ఆగడానికి మరో 12 మీటర్లు కావాలి. అదే 60లో ఉంటే మొత్తం సుమారు 45 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం రెట్టింపు అవుతోంది. ఘాటు మలుపులో ముందు 20 మీటర్లు కనబడితే గొప్ప. కనబడిన దూరంలో ఆగగలిగినంత వేగమే మన వేగం. మిగతాది దేవుడి సొమ్ము.

రోడ్డు కూడా కొత్త ఋతువులో కొత్తగా ఉంటుంది. వానలకు కొండ మీదినుంచి కొట్టుకువచ్చిన కంకర మలుపుల లోపలి అంచున పోగుపడి ఉంటుంది. చెట్లనీడ ఉన్నచోట పదిగంటలైనా తడి ఆరదు. రాలిన ఆకులు దానిమీద పరుచుకుని, చూడ్డానికి తివాసీలాగా, తొక్కితే సబ్బులాగా ఉంటాయి. పైకి వెళ్ళినకొద్దీ పల్లెల దగ్గర చోళ్ళు, సామలు రోడ్డు మీదే ఆరబోసి ఉంటాయి. చక్రాలకింద నలిగి గింజ రాలుతుందని వారి ఉద్దేశం. అది వారి ఏడాది తిండి. మనం తప్పుకోవాలి, నెమ్మదిగా.

* * *

టైడా దాటాక, అనంతగిరికి వెళ్ళేలోగా, ఒక మలుపు ఉంది. దానికి పేరేమీ లేదు. ఒకవైపు రాతిగోడ, రెండోవైపు పెద్ద మామిడిచెట్టు, చెట్టు వెనక లోయ. అక్కడ నేను బండి ఆపాను.

"ఏమిటి మావయ్యా, అలిసిపోయావా?" అన్నాడు మేనల్లుడు.

నిరుడు మార్గశిరంలో మా డిగ్రీ రెండో సంవత్సరం తరగతిలో ఒక కుర్రవాడు శుక్రవారం సాయంత్రం నా దగ్గరకు వచ్చాడు. "సార్, రేపు అరకు వెళుతున్నాం. సోమవారం పరీక్షకు ఆలస్యమైతే కోప్పడకండి" అన్నాడు. నెమ్మదైన పిల్లవాడు. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఆ వారమే నేను తరగతిలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర గురించి చెప్పి ఉన్నాను. ఆ ఉత్సాహంలో, "వెళ్ళిరా నాయనా. వచ్చాక చక్కటి యాత్రావ్యాసం రాసి చూపించాలి సుమా" అన్నాను. ఎవరితో వెళుతున్నావని అడిగాను. ఎక్కడ దిగుతావని అడిగాను. స్వెట్టరు ఉందా అని కూడా అడిగాను. హెల్మెట్టు ఉందా అని మాత్రం అడగలేదు.

బండి నడిపినవాడికి హెల్మెట్టు ఉంది. మావాడు వెనక కూర్చున్నాడు. ఈ మలుపులో కంకర మీద బండి జారింది. నడిపినవాడికి చెయ్యి విరిగింది. మూడునెలలకు కోలుకున్నాడు. వెనక కూర్చున్నవాడు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. ఒకే బండి, ఒకే వేగం, ఒకే పతనం. తేడా అంతా తలమీద ఉంది.

నేను చెప్పడం ముగించాక మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి హెల్మెట్టు అప్పటిదాకా మోచేతికి గాజులాగా వేలాడుతోంది. నేనేమీ అనలేదు. వాడే తీసి తలకు పెట్టుకుని, గడ్డంకింద పట్టీ బిగించాడు. పట్టీ బిగించని హెల్మెట్టు పడేటప్పుడు మనకన్నా ముందే ఎగిరిపోతుంది.

ఈ దారిలో పోయినవారు మావాడొక్కడే కాదు. 2021 ఫిబ్రవరిలో ఇదే ఘాటులో డముకు దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. దేశం మొత్తం మీద చూస్తే, 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణాశాఖ ప్రకటించింది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఆ ఏడు హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. ఈ చివరి అంకె నేను చాలాసార్లు చదివాను. వెనక కూర్చున్న భార్యలు, చెల్లెళ్ళు, స్నేహితులు. "నడిపేది నేను కదా, నాకుంటే చాలు" అన్న ధీమాకు బలి అయినవారు. తలకు దెబ్బ తగిలేటప్పుడు హేండిలు ఎవరి చేతిలో ఉందో రోడ్డు అడగదు.

చట్టం మాట ఏమిటంటారా? 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ముందువారికీ వెనకవారికీ తేడా చూపదు. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ పెట్టుకోవలసిందే. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. నాలుగేళ్ళలోపు పసివారికి వేరే నిబంధన. బండి నడిపేవారికి పట్టీతో కట్టుకోవాలి, పిల్లల హెల్మెట్టు పెట్టాలి, వేగం 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరినుంచి అది అమలులోకి వచ్చింది. ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్టు అమ్మడమే 2021 జూన్‌నుంచి నేరం. అయినా రోడ్డుపక్క గొడుగుకింద అమ్మే గుడ్డిబోణీ సరుకు కొని, పోలీసు జవాను కనబడగానే తలమీద బోర్లించుకునేవారు ఎందరో. అది తలకు కాదు, జరిమానాకు మూత.

ఈ హెల్మెట్టుకు ఒక కథ ఉంది. దారిలో మా మేనల్లుడికి చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో అరేబియా ఎడారులలో పేరు మోసిన లారెన్సు దొర 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలు మీద వెళుతూ, ముందు సైకిళ్ళమీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు దెబ్బ. ఆరురోజులు స్పృహ లేకుండా ఉండి పోయాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. రోగి దక్కలేదు. ఆ బాధను ఆయన వదిలిపెట్టలేదు. మోటారు సైకిలు మీద పోయేవారి తలగాయాలను ఏళ్ళ తరబడి పరిశీలించి, 1941లో తన వ్యాసం ప్రకటించాడు. బ్రిటిషు సైన్యంలో వార్తలు మోసే మోటారు సైకిలు జవాన్లకు ఆ ఏడే హెల్మెట్టు తప్పనిసరి అయింది. హెల్మెట్టువల్ల తలగాయం ముప్పు 69 శాతం, ప్రాణాపాయం 42 శాతం తగ్గుతాయని తర్వాతి పరిశోధనలను క్రోడీకరించినవారు తేల్చారు. ఒక రోగిని దక్కించుకోలేని వైద్యుడు, కనబడని లక్షలమందిని దక్కించాడు. నా బాకీ కూడా అటువంటిదే. మావాడు తిరిగిరాడు. మిగిలినవారికి చెప్పడం ఒక్కటే మిగిలింది.

* * *

అనంతగిరి దాకా మళ్ళీ మాట్లాడుకోలేదు. అక్కడ కాఫీతోటలు మొదలవుతాయి. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియపు తీగలు, ఆ నీడలో ఎర్రగా పండిన కాఫీ గింజలు. ఈ కొండల అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొర్రా గుహలకు చీలే దారి దగ్గర కోతులు మా సంచులకేసి ఆశగా చూశాయి. ఆ సున్నపురాతి గుహలనుంచి వచ్చే గోస్తనీ నదే భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. గాలికొండ ఎక్కి నిలబడితే, ఒకదాని వెనక ఒకటిగా కొండలు, మధ్య లోయలో దారప్పోగులాగా రైలుపట్టాలు. 1960లలో బైలడిల్లా ఇనుపరాయికోసం వేసిన కొత్తవలస, కిరండోల్ మార్గం అది. ఈ మార్గంలోని శిమిలిగూడ స్టేషను, సముద్రమట్టానికి 997 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా పేరు పొందింది.

అక్కడ నిలబడి ఆకుదొన్నెలో వేడి మిరపకాయ బజ్జీలు తింటూ, "ఇప్పుడు అర్థమైంది మావయ్యా. నెమ్మదిగా వస్తేనే ఇవన్నీ కనబడతాయి" అన్నాడు మేనల్లుడు. నేను గర్వంగా మీసం దువ్వుకున్నాను. గర్వభంగానికి పద్ధెనిమిది గంటల వ్యవధి ఉందని అప్పటికి నాకు తెలియదు.

* * *

రాత్రి అరకులో ఉన్నాం. చలికాలంలో అక్కడ ఒక్కోసారి వేడిమి పది డిగ్రీల కిందికి దిగుతుంది. తెల్లవారి లేచి తలుపు తీస్తే, ఎదురుగా ఉండవలసిన ఊరు లేదు. అంతా మంచు.

"తొమ్మిదింటికిగాని విడదట మావయ్యా. అప్పుడు బయలుదేరదాం" అన్నాడు వాడు.

"కుదరదురా. నాలుగింటికి ఊళ్ళో సాహిత్యసభ ఉంది. నేను ప్రధానవక్తను" అన్నాను. నా ఉపన్యాస విషయం ఏమిటో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "తెలుగులో యాత్రాసాహిత్యం."

ఆరున్నరకు బయలుదేరాం. చేతికి తొడుగులు తెచ్చుకోలేదు. పెద్దదీపం వేస్తే ఆ వెలుగంతా మంచుమీద పడి తిరిగి మన కళ్ళలోకే కొడుతుందని, కిందికి దించిన చిన్నదీపమే మంచుకు మేలని వాడికి ముందురోజు చెప్పినవాణ్ణి నేనే. ఆ రోజు నా దీపం పైకే ఉంది. గాలికొండ దాటి దిగడం మొదలయ్యేసరికి వేళ్ళు కొయ్యబారాయి. దిగుడులో బండిని రెండోగేరులో ఉంచి, ఇంజను పట్టుతో దించాలి. గేరు తీసేసి బ్రేకుమీదే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అదీ నేను చెప్పినదే. సభ తొందరలో మూడోగేరులో దిగుతున్నాను.

ఒక మలుపులో మంచులోంచి ఆవు ఒకటి ఊడిపడ్డట్టు ప్రత్యక్షమైంది. కొయ్యబారిన వేళ్ళు ఆలస్యంగా కదిలి, కదిలినప్పుడు ముందుబ్రేకును ఒక్కసారిగా బిగించాయి. బండి అప్పటికే మలుపుకు వంగి ఉంది. కింద తడి ఆకులు. టైరుకున్న పట్టు గుమాస్తా జీతంలాంటిది. మలుపుకు కొంత, బ్రేకుకు కొంత సర్దాలి. రెంటికీ పూర్తిగా కావాలంటే ఎక్కడినుంచి వస్తుంది? ముందుచక్రం ఎడమవైపు వెళ్ళింది. నేను కుడివైపు వెళ్ళాను. తల రోడ్డుకు తగిలిన చప్పుడు లోపలినుంచి విన్నాను. కుండమీద కర్రతో కొట్టినట్టు ఉంది.

వేగం పాతికలోపే. మోకాలు చీరుకుపోయింది, అరచేతులు గీసుకుపోయాయి. అంతే. మేనల్లుడు తన బండిని పక్కకు తీసి, ముందు రోడ్డు పైకి పరుగెత్తి, వెనకవచ్చే బళ్ళకు చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. నాకు ఆశ్చర్యం వేసింది. పడ్డవాడి దగ్గరకు పరుగెత్తడమే అందరూ చేసేది. రెండో బండి వచ్చి గుద్దకుండా చూడడం కొందరికే తోస్తుంది.

ఆవు వెనక వస్తున్న ముసలాయన ఒకడు, ఆ కొండల గిరిజనుడు, నన్ను లేవదీసి అంచున కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి కాలు కడిగాడు. నా హెల్మెట్టు తీసి చేతిలో తిప్పిచూశాడు. కుడికణత దగ్గర, బొటనవేలంత వెడల్పున, పైనుంచి కిందిదాకా గీత పడి ఉంది. అతను ఆ గీతమీద వేలు పెట్టి, తర్వాత నా కణతమీద అదేచోట వేలు పెట్టి చూపించాడు. ఒక్కమాట కూడా అనలేదు. ఇరవై ఏళ్ళ నా అధ్యాపకవృత్తిలో అంత క్లుప్తమైన పాఠం నేనెన్నడూ చెప్పలేదు.

ఇంతలో ఒక కారువారు ఆగి, ఏమన్నా సాయం కావాలా అని అడిగారు. ప్రమాదం చూసి ఆగితే పోలీసులతో గొడవ అని భయపడేవారు మనలో ఇంకా ఉన్నారు. 2019 సవరణలో 134-ఏ సెక్షను చేర్చి, సాయం చేసినవారి మీద కేసులు ఉండకుండా చట్టమే కాపు కాసింది. 108కి ఫోను చెయ్యడానికి పేరు చెప్పుకోనక్కర్లేదు. ఘాటులో చాలాచోట్ల ఫోను పలకదు గనక, దిగువ ఊరికి వెళ్ళేవారు కబురు అందిస్తే అదే ప్రాణదానం. ఒక్క జాగ్రత్త. మెడకు దెబ్బ తగిలినట్టు అనుమానముంటే, పడ్డవారి హెల్మెట్టు గుంజి లాగకూడదు. నా విషయంలో నేనే లేచి కూర్చున్నాను గనక సరిపోయింది.

మంచు విడేదాకా, తొమ్మిదిన్నర వరకూ, ఆ ముసలాయన ఇంటి అరుగుమీద కూర్చున్నాం. అతను చోడి అంబలి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. "ఎండ రాకుండా మేమే దిగం. మీకేటి తొందర బాబూ?" అన్నాడు. జవాబు నా దగ్గర లేదు. సభవారికి శృంగవరపుకోటనుంచి ఫోను చేసి, రాలేనని చెప్పాను. సభ జరిగిందట. బాగానే జరిగిందట కూడా.

వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నంనుంచి బయలుదేరి, పదిహేను నెలలకు తిరిగివచ్చారు. ఆయన గొప్పతనం వర్ణనల్లో లేదు. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉన్నదో, ఏరు ఎక్కడ దాటాలో, వెనక వచ్చేవారికి పనికివచ్చేలా రాసిపెట్టడంలో ఉంది. నేను రెండు దశాబ్దాలు ఆ పాఠం చెప్పాను గాని, నిరుడు శుక్రవారం సాయంత్రం దాన్ని మరిచిపోయాను. అందుకే ఈ వ్యాసంలో వలిసెపూలు తక్కువగా, కంకర ఎక్కువగా ఉంటే పాఠకులు క్షమించాలి.

ఇప్పుడు నా తరగతిలో ఎవరు శెలవు అడిగినా, ఎక్కడికి అన్న ప్రశ్నకన్నా ముందు, ఎలా వెళుతున్నావని అడుగుతున్నాను. పిల్లలు చాటున నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

అన్నట్టు, ఇంటికి చేరిన మర్నాడు మా మేనల్లుడు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న కొత్త హెల్మెట్టు ఒకటి కొనుక్కొచ్చాడు. ఉన్నది బాగానే ఉందిగా, మళ్ళీ ఎందుకు, పెళ్ళికూతురి సంగతి ఏమన్నా తేలిందా ఏమిటి అని మా అక్క ఆరా తీసింది.

"ఎవరికని ఏముందమ్మా! వెనక ఎవరు ఎక్కితే వాళ్ళకి" అన్నాడట వాడు.

అది ఇప్పుడు వాళ్ళ గుమ్మం పక్క మేకుకు వేలాడుతోంది. మొదట ఎక్కింది మా అక్కే. బజారుకు కూరలకు.